బిల్లు ముందు, బొమ్మ తర్వాత

మా లైనన్న పోయారు. ఆషాఢం సేలు నడుస్తున్న ఆదివారం, మాదన్నపేట దుకాణం పై గదిలో. పాతబస్తీలో మా దగ్గర బట్టలు కొన్నవాళ్ళెవరికీ ఆయన ముఖం తెలియదు. కానీ చంకలో పిల్లతో, చేతిలో సంచులతో బిల్లు కోసం నిలబడకుండా ఇల్లు చేరినవాళ్ళందరూ ఆయన చలవతోనే చేరారు.

మా ఓనరుకు మూడు బట్టల దుకాణాలు. నేను బిల్లులు కొట్టేది పెద్ద దుకాణంలో. మిగతా రెండింట్లో ఒకటి ధూల్‌పేటలో, ఒకటి మాదన్నపేటలో. మూడింటి ధరలు, సరుకు వివరాలు ఓనరు ఇంటి కింద ఆఫీసులో ఒకే కంప్యూటర్లో ఉంటాయి. ఎవరు ఎక్కడ బిల్లు కొట్టినా అది ఇంటర్నెట్ లైను మీద అక్కడిదాకా పోయి రావాలి. కెమెరాల బొమ్మలు పోయేదీ అదే లైను మీద. మా పెద్ద దుకాణంలో ఓనరు కుర్చీ ఎదురుగా ఉన్న టీవీలో మూడు దుకాణాలూ కనిపిస్తాయి. ఆయనకు దాని మీది నుంచి కన్ను మళ్ళదు.

గిరాకీ పెరిగిందంటే లైను మొరాయించేది. నా కంప్యూటర్లో గుండ్రం తిరుగుతూనే ఉండేది. అప్పుడు ఓనరు అందరికీ వినబడేటట్టు అనేవాడు: "ఈమె ప్రార్థన చేస్తున్నది. ఆమెన్ అన్నంక బిల్లిస్తది. అందాక కూసోండి." జనం నవ్వేవాళ్ళు. ధూల్‌పేట కౌంటర్‌లో పిల్లకైతే కుర్చీయే తీసేయించాడు, నిలబడితే చెయ్యి తొందరగా ఆడుతుందని. నేను మనసులో కీర్తన చదువుకుంటూ తల వంచుకునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో వచ్చారు లైనన్న. టెలిఫోన్ల పని నేర్చి ఇంటర్నెట్ లైన్లు బాగు చేసే మనిషి, నాకంటే పెద్ద; అందుకే మాకందరికీ లైనన్న. జేబులో వైరు కత్తెర, భుజాన సంచి. మిషన్లున్న గదిలోకి చెప్పులు విడిచి పోయేవారు. "నువ్వు చర్చిల విడుస్తవు గద చెల్లె, నేను ఈడ విడుస్త" అనేవారు. ఎక్కడ బాగు చేసినా "పని చేస్తుందా?" అని అడిగేవారు కాదు. కౌంటర్‌కు వచ్చి ఒక దస్తీ కొనేవారు. ఆ బిల్లు ఎంత తొందరగా వస్తుందో నిలబడి చూసేవారు. అట్లా కొన్న దస్తీలన్నీ మాకే పంచారు. మా దుకాణంలో చెమట తుడుచుకునే ప్రతి చేతిలోనూ ఆయన దస్తీయే.

తప్పు మా చేతులది కాదని ఓనరుకు చెప్పింది ఆయనే. "సార్, మీ కెమెరా బొమ్మలు ధూల్‌పేట గణపతి లారీల లెక్క. గల్లీల అడ్డం నిలబడితే ఎనక సైకిల్ గూడ పోదు. బిల్లు సైకిలంత. దాన్ని ముందు పోనియ్యాలె."

"అంటే నా దుకాణం నాకు కనబడదా?"

"కనబడుతది సార్. రద్దీ ఉన్నంతసేపు ఆఖరికి వచ్చిన బొమ్మ అట్లనే నిలబడుతది. లైను ఖాళీ అయితే కొత్తది వస్తది. బిల్లు ముందు, బొమ్మ తర్వాత."

ఆ మాటను మేము సామెతలాగా చెప్పుకున్నాం. ఆ తర్వాత గుండ్రం తిరగలేదు. ధూల్‌పేట పిల్లకు కుర్చీ తిరిగి వచ్చింది. నేను ఎన్నాళ్ళుగానో ప్రభువును అడిగింది ఆయన ఒక్క పూటలో చేసి పెట్టారు.

ఒక్క జాగ్రత్త కూడా పెట్టారు. బొమ్మ మూలకు, అది ఎప్పటిదో తెలిసేటట్టు టైము. ఓనరుకు అది నచ్చలేదు. "ఈ అంకెలు సక్కగ గల్లాపెట్టె మీదనే పడుతున్నయ్. తీసెయ్."

"ఇంకో మూలకు జరుపుత సార్. టైము లేకుంటే పాత బొమ్మ చూసి ఇప్పటిదనుకుంటం."

"తీసెయ్యమన్న గద. చెవుల వైరు తెగిందా ఏంది?"

అన్న తీసేశారు. పోతూ నా వైపు చూసి నవ్వారు, అంతే.

ఆ ఆదివారం మాదన్నపేటలో లైను పోయిందంటే ఆయనే వెళ్ళారు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. "చెల్లె, దస్తీ బిల్లు చిటికెల వచ్చింది. పైకి పోయి ఛాయ్ తాగి వస్త." నేను విన్న ఆఖరి మాట అదే. టీవీలో ఆయన కనబడ్డారు. పై గదిలో ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో గ్లాసు.

సేలు జనం విరగబడ్డారు. మూడు దుకాణాల్లో బిల్లులు ఆగకుండా పోతున్నాయి. కొంతసేపటికి ఓనరు అన్నకు ఫోన్ కలిపాడు. ఎత్తలేదు. టీవీ వైపు చూసి, "చూడుండ్రి, ఫోన్ మోగుతున్నా నవాబు గ్లాసు దించుతలేడు" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్ళీ కలిపాడు. "చెల్లెకు దస్తీలు కొననీకి టైముంటది, నాకు ఫోనెత్తనీకి ఉండదు" అన్నాడు.

అంతలో మాదన్నపేట కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ చేసింది. ఓనరు స్పీకర్‌లో పెట్టాడు. "సార్, పైన ఏదో పడ్డ సప్పుడైంది. అన్నున్నడా, పోయిండా? పైకి పోయి సూడనా?"

"నాకు కండ్ల ముందర కనబడుతున్నడు. కూసొని ఛాయ్ తాగుతున్నడు. గిరాకీని ఇడిచి మెట్లెక్కినవంటే రేపటి నుంచి రాకు."

ఆ పిల్ల ఎక్కలేదు.

సాయంత్రం జనం పలచబడ్డారు. లైనుకు ఊపిరి ఆడింది. టీవీలో బొమ్మ ఒక్కసారి మారింది. కుర్చీ పక్కకు పడి ఉంది. అన్న నేల మీద ఉన్నారు, ఒక చెయ్యి తలుపు వైపు చాపి. గ్లాసు చాలా దూరం దొర్లి పోయింది.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగాడు, "పడి చాలాసేపైంది. అప్పుడే తెస్తే ఏమన్నా చేసేవాళ్ళం. ఇంతసేపు ఎవరూ చూడలేదా?"

ఓనరు నేల వైపు చూస్తూ అన్నాడు. "చూస్తనే ఉన్నం సార్."

అంత్యక్రియలైన తర్వాత కొత్త మనిషి వచ్చి, గల్లాపెట్టె మీద పడకుండా ఇంకో మూలకు టైము పెట్టి పోయాడు. తెచ్చిన ఛాయ్ చల్లారేలోపే అయిపోయింది ఆ పని. అన్న పెట్టిన మిగతా పద్ధతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గిరాకీ ఎంతున్నా బిల్లు చిటికెలో వస్తుంది. నన్నెవరూ ఏమీ అనరు.

నేను రోజూ ఆయన కోసం ప్రార్థిస్తాను. కళ్ళు మూస్తే తలుపు వైపు చాపిన ఆ చెయ్యి రాదు. ముందటి బొమ్మే వస్తుంది. అన్న కుర్చీలో కూర్చుని ఉంటారు. ఛాయ్ గ్లాసు పెదవుల దాకా ఎత్తి ఉంటుంది. ఇక్కడ నా మిషన్ బిల్లు మీద బిల్లు కక్కుతుంటుంది. గ్లాసు మాత్రం దిగదు.