మేస్త్రీ చేతులు తుడుచుకునేదాకా

పంపుల కంపెనీ డ్రాయింగుల గదిలో కిటికీ పక్క బల్ల ఇంజనీరమ్మది. లెక్క వేసేటప్పుడు ఆవిడ పెదాలు పరాయి భాషలో కదులుతాయి. ఆఫీసులో అందరూ నవ్వుకుంటారు. ఇంట్లో మొగుడు మరీను. "మీ రెండో పుట్టింటి అంకెలు మళ్లీ మొదలయ్యాయా?" అంటాడు. ఆవిడ కసురుకుంటుంది గానీ ఆ మాట వింటే లోపల ప్రాణం లేచొస్తుంది. ఆ భాష మాట్లాడే మనిషి ఈ ఊళ్లో మందుకైనా లేడు. పదకొండేళ్లుగా ఆ మాటలన్నీ బయటికొచ్చే దారిలేక, చివరికి అంకెలుగా మిగిలాయి.

పెళ్లికి ముందు కంపెనీ ఆవిడను సముద్రం అవతలి ఊరికి పంపింది, మంచినీళ్ల పంపులు బిగించడానికి. చేతిలో డిగ్రీ, నెత్తిన బోలెడు గర్వం. మొదటి నెలలోనే బొప్పి కట్టింది. మీటింగులో "అంతా బాగుందా?" అని అడిగితే పదిమందీ బాగుందన్నారు. సంతకం పెట్టేసింది. మూడో రోజుకల్లా బేరింగు మాడి మసైంది. అందరినీ నిలబెట్టి కడిగిపారేసింది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడతో మాట్లాడిన పాపాన ఎవరూ పోలేదు.

ఒకనాడు పెద్ద మేస్త్రీ పంపు దగ్గర నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఏం మాట్లాడాలో తోచక ఆవిడ వెళ్లి పక్కన నిలబడింది. ఆయన ఒక్కో వేలూ తీరిగ్గా తుడిచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాకే నోరు విప్పాడు. వచ్చిన నాలుగు ముక్కల భాషతో ఆవిడకు అర్థమైంది ఇది: అక్కడ నలుగురిలో అడిగితే ఎవరూ కాదనరు. కాదంటే తోటివాడి తప్పు వీధిన పెట్టినట్టు, అడిగినవాళ్లను చిన్నబుచ్చినట్టు. పక్కన నిలబడి, చేతులు తుడుచుకునేదాకా ఓపిక పడితే మాత్రం ఉన్నదున్నట్టు చెబుతారు. ఈ ముక్క కాలేజీ పుస్తకాల్లో లేదు. ఉన్నా ఆవిడ ఆ పేజీ తిప్పేసి ఉండేది, అంత తొందర మనిషి.

ఆ తర్వాత నాలుగేళ్లూ మేస్త్రీ ఇంటి మేడ మీది గదిలోనే ఉంది. పానాల, పనిముట్ల పేర్లు మేస్త్రీ దగ్గర నేర్చుకుంది, తిట్లు ఆయన భార్య దగ్గర నేర్చుకుంది. ఆయన్ని వాళ్ల భాషలో బాబాయ్ అని, ఆయన భార్యను పిన్ని అని పిలిచేది. ఆయన తల్లీ అనేవాడు. వచ్చేటప్పుడు "మళ్లీ వస్తాను బాబాయ్" అంది, నిజంగానే అంది. తర్వాత పెళ్లి, పిల్లలు, ప్రమోషను. వెళ్లడం పడలేదు.

ఈ ఏడు అక్కడి మూడో పంపు ఒణకడం మొదలుపెట్టింది. మేనేజరు ఓ సర్వీసు ఇంజనీరుకు, మాట చెబితే తర్జుమా చేసి పలికే ఫోను ఇచ్చి రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ "అంతా బాగుందట సార్" అని తిరిగొచ్చాడు. పంపు మాత్రం ఒణుకుతూనే ఉంది.

"నన్ను పంపండి సార్," అంది ఇంజనీరమ్మ.

"ఫోనే మాట్లాడుతుంటే మనిషెందుకమ్మా? శుక్రవారం వీడియోలో చూద్దాం. అప్పటికీ తేలకపోతే మీరే వెళ్దురుగాని."

ఆ సాయంత్రమే అటక మీంచి పెట్టె దించి దుమ్ము దులిపింది. మొగుడు చూసి తాళంచెవి వెతికిపెట్టాడు.

శుక్రవారం తెరమీద ఎనిమిదిమంది కూర్చున్నారు. ఒక మూలన మేస్త్రీ, తల ముగ్గుబుట్టయిపోయింది. ఆవిడ కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. సర్వీసు ఇంజనీరు చేతిలోని ఫోను వాళ్ల భాషలో "అంతా బాగుందా?" అని పలికింది. ఎనిమిదిమందీ బాగుందన్నారు. మేనేజరు నిట్టూర్చాడు. ఇంజనీరమ్మ ఇంకో పది నిమిషాలు నోరు కుట్టేసుకుంటే చాలు, ప్రయాణం ఖాయం.

అప్పుడు మేస్త్రీ జేబులోంచి గుడ్డ తీశాడు.

మూడో పంపు నీళ్లు ఎక్కేది మిట్ట మీది వీధులకి. మేస్త్రీ ఇల్లు ఆ వీధుల్లోనే. పిన్ని మోకాళ్లు ఆ రోజుల్లోనే అంతంతమాత్రం, ఇప్పుడు కింద నుంచి బిందెలు మోస్తోందో ఏమో. ఇంజనీరమ్మకు పెట్టె కళ్లముందు మెదిలింది. అయినా వాళ్ల భాషలో అంది: "మీరంతా టీ తాగి రండి. నేను బాబాయ్‌తో మంచీచెడ్డా మాట్లాడుకుంటాను."

వాళ్లు వెళ్లిపోయారు. తెరమీద మేస్త్రీ ఒక్కడే మిగిలి, ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు.

"లైను తెగిందా?" అన్నాడు మేనేజరు.

"ఉండండి సార్. ఇంకా రెండు వేళ్లున్నాయి."

గుడ్డ మడిచాక మేస్త్రీ చెప్పాడు. కొత్తగా వేసిన పైపు అరంగుళం పొట్టిదైంది. బరువులెత్తే చైన్ బ్లాకుతో బలవంతాన లాక్కొచ్చి బోల్టులు బిగించేశారు. ఆ లాగుడంతా పంపు మోస్తోంది. "చేసింది నా మేనల్లుడే తల్లీ. ఇందాక నా పక్కనే కూర్చున్నాడు. నలుగురిలో వాడి మొహం ఎలా చెల్లుతుంది?"

"బోల్టులు విప్పించి సరైన పైపు వేయించండి బాబాయ్. కాగితం మీద ఎవరి పేరూ రాయను."

విషయం విని మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "శభాష్! ఇక ఎవరూ వెళ్లక్కర్లేదు. మీకు ప్రయాణం బాధ తప్పింది," అంటూ సర్వీసు ఇంజనీరును వెంటపెట్టుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రీ ఇంకా తెరమీదే ఉన్నాడు. "ఎప్పుడొస్తున్నావు తల్లీ? మీ పిన్ని అడుగుతోంది. నీ గది అలాగే ఉంది."

"వచ్చే నెల బాబాయ్," అంది ఆవిడ. అచ్చం అక్కడివాళ్లలాగే, కాదనలేక.

ఆయన ఆవిడ వంక ఓ క్షణం చూశాడు. గుడ్డ మళ్లీ తీసి, శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకోసాగాడు. ఆవిడ చూస్తూ కూర్చుంది. ఆఖరి వేలు అయింది. గుడ్డ జేబులోకి వెళ్లింది.

"నన్ను పంపరు బాబాయ్. మీరు చెప్పేశారుగా, ఇక నాతో పనిలేదు."

"తెలుసు తల్లీ," అన్నాడు మేస్త్రీ. "అయినా గది దులిపించి ఉంచుతాను."