మత్తడి దుంకిన మాట

పోయిన ఆదివారం కొంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మా మేనబావకు సన్మానం చేశారు. హైకోర్టులో అప్పీళ్ల వకీలుగా, కొన్నేళ్లు ప్రభుత్వ న్యాయవాదిగా పేరు మోసిన మనిషాయె, చెయ్యకేం! మేడ్చల్ కోర్టు గుమ్మం దాటని నేను మూడో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను, కడుపు మాత్రం మండుతూనే ఉంది.

ఇద్దరం ఒకే సీనియర్ దగ్గర, ఒకే బల్లకు చెరో పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్లమే. ఆయన హైకోర్టుకు వెళ్లాడు, నేను ఇంటికి దగ్గరని మేడ్చల్‌లోనే ఉండిపోయాను. అందుకు నేనెప్పుడూ ఏడవలేదు. నా ఏడుపంతా ఒక్క మాట గురించి.

శామీర్‌పేట పక్కన ఒక చెరువు అంచు భూమి తన పట్టా అని ఒకాయన దావా వేస్తే, సర్కారుతోపాటు అక్కడ చేపలు పట్టేవాళ్లూ ప్రతివాదులయ్యారు. వాళ్లకు నేను వకీలును. మా రెండో సాక్షి, ఒక ముసలాయన, బోనెక్కి, "మత్తడి దుంకినప్పుడు గా భూమిలనే వల ఏస్తం సారూ" అన్నాడు. చెరువు పూర్తిగా నిండి, అలుగు మీంచి నీళ్లు దూకినప్పుడన్నమాట. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో 'వానాకాలంలో' అని రాయించబోతే నేను అడ్డుపడ్డాను. వానకు ఏ మడిలోనైనా నీళ్లు నిలుస్తాయి, మత్తడి దుంకడం వేరని బతిమాలి, చీవాట్లు తిని, ఆ మాటను తెలుగులో ఉన్నదున్నట్టు ఎక్కించాను. అయినా కేసు ఓడిపోయాం.

అప్పీలులో సర్కారు తరఫున మా బావ ఆ ఒక్క మాటే పట్టుకుని, నిండిన చెరువులో వల పడే చోటు చెరువే అవుతుందని వాదించి గెలిచాడు. పేపర్లో ఫొటో పడింది. సొమ్మొకడిది, సోకొకడిదని ఆనాటి నుంచి ఇంట్లో నేను అనని రోజు లేదు. మా ఆవిడ "ఇగ ఇడ్శిపెట్టుండ్రి" అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

మొన్న వేదిక మీద కూడా ఆయన ఆ కథే చెప్పాడు. ఈసారైనా నా పేరు వస్తుందని, లేచి దండం పెట్టడానికి కండువా సర్దుకున్నాను కూడా. రాలేదు. "గా మాట నాకు రికార్డుల దొరికింది" అన్నాడంతే.

ఆ ఉక్రోషంతోనే, మన తరంవాళ్లకైనా నిజం తెలియాలని ఇది రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు సాక్ష్యమంతా కంప్యూటర్లో టకటకా టైపవుతోంది, మత్తడి అంటే కుర్ర వకీళ్లు నా ముఖం చూస్తున్నారు, ఆ మాట ఎవరిదో మనం కాకపోతే ఎవరు చెబుతారు? తీరా ఆ ముసలాయన పేరు రాయబోతే కలం ఆగింది. ఆ రోజు పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి అన్నీ అడిగి చెప్పించినవాణ్ని నేనే. రెండు రోజులుగా బుర్ర గోక్కుంటున్నా నాకు గుర్తొస్తున్నది రెండో సాక్షి అని మాత్రమే.