చుక్కకు పెట్టిన దాణా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అత్త బతికున్నన్నాళ్ళూ ఆ మాట అనేది, ఆమె పోయాక నా మొగుడు అందుకున్నాడు. మనుషుల మీద చూపించలేని కోపమంతా నేను బర్రెల మీద చూపించేదాన్ని. అవి ఏమీ అనుకునేవి కావు. చెవులాడించుకుంటూ నెమరు వేసేవి. అందుకే వాటితోనే ఎక్కువ మాట్లాడేదాన్ని.

తొంభైల మొదట్లో నేను రావల్‌కోల్‌కు కాపురానికి వచ్చేటప్పటికి కొట్టంలో నాలుగు బర్రెలు, ఊరి బయట ఎకరంన్నర పొలం ఉండేవి. వరి కోసి గడ్డివాము వేస్తే ఏడాదంతా బర్రెలకు సరిపోయేది. గడ్డి కొనడం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎరగరు. పిల్లలు మాకు కలగలేదు. దాని గురించి ఇంతకు మించి రాయను.

తర్వాత ప్రతి పంటకూ డీఏపీ బస్తా ధర పెరుగుతూ పోయింది. యూరియా పెరిగింది, విత్తనాలు పెరిగాయి, మందులు పెరిగాయి. బోరులో నీళ్ళు మాత్రం తగ్గాయి. ఒక వానాకాలం నా మొగుడు ఎరువు కోసం మేడ్చల్ పోయి, ఖాళీ సైకిల్ మీద తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే గడపలో కూర్చున్నాడు.

"గీయేడు నాటేస్తలేను," అన్నాడు.

"మరి ఏం జేస్తవ్?"

"ఏదన్న కంపెనీల వాచ్‌మన్ పని అడుగుత."

ఆ పని దొరికింది. పొద్దున సద్ది కట్టుకుని పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చాక తినడం, పడుకోవడం. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడిన మనిషిని మాట్లాడమని ఎలా అడుగుతాను?

ఎరువు ధర పెరిగితే బర్రె ముందు గడ్డి లేకుండా పోతుందని అంతకు ముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. వరి లేదు కాబట్టి గడ్డి లేదు. ఎక్కడినుంచో లారీల్లో వచ్చే గడ్డిని బేరమాడి కొనాలి. మేపుకొద్దామంటే మా బీడులో మొలిచేది చాలదు, చుట్టుపక్కల పొలాల్లో ప్లాట్ల హద్దురాళ్ళు లేచాయి. రాళ్ళ మధ్య గడ్డి మొలిచినా కాపలావాడు కర్ర పట్టుకుని వచ్చేవాడు. మూడు బర్రెలను ఒకదాని తర్వాత ఒకటి అమ్మేశాం. కండ్లకోయ కాలేజీల బస్సులు మా రోడ్డున పిల్లలను ఎక్కించుకుపోయే కాలానికి కొట్టంలో మిగిలింది ఒక్కటే. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది కాబట్టి చుక్క అని పిలిచేదాన్ని.

చుక్క ఈనిన నెలకే దూడ చచ్చిపోయింది. దూడ వచ్చి కుడిస్తేనే పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటాం. దూడ లేని బర్రె చేపాలంటే దాని ముందు దాణా పెట్టాలి, మచ్చిక ఉన్న చెయ్యి పడాలి. చుక్కకు నా చెయ్యి ఒక్కటే కాదు, నా గొంతు కూడా కావాలి. "ఆగవే, గా తోక ఎందుకట్ల ఆడిస్తవ్, నీ మొకం మండ" అని నేను తిడుతుంటే చేపేది. నాకు జ్వరం వచ్చిన పూట నా మొగుడు కూర్చుని గంటసేపు పొదుగు నిమిరినా ఒక్క బొట్టు పాలు రాలలేదు. మంచంలో పడుకుని అది విని నేను నవ్వుకున్నాను. ఈ లోకంలో నేను లేకపోతే ఒకరికి జరగదు అనుకున్నాను. ఆ అనుకోవడంతోనే చాలా రోజులు గడిపాను.

దాణా కొలవడానికి నా దగ్గర ఒక తగరపు డబ్బా ఉండేది. నూనె తీయగా మిగిలిన పల్లిచెక్క, పత్తిచెక్క, తవుడు కలిపి పూటకు రెండు డబ్బాలు పెట్టాలని మా అత్త నేర్పింది. కొన్నాళ్ళు అలాగే పెట్టాను. చెక్క ధర పెరిగినప్పుడు తవుడు ఎక్కువ కలిపాను. తవుడు కూడా పెరిగింది. రెండు డబ్బాలు ఒకటిన్నర చేశాను, తర్వాత ఒకటి చేశాను. మిగతాది కుడితి నీళ్ళతో నింపాను. తొట్టి నిండుగానే కనపడేది. చుక్క మూతి ముంచి, తాగి, అడుగు నాకి, తలెత్తి నా వైపు చూసేది. "ఏంది చూస్తున్నవ్, నేను కూడ తక్కువనే తింటున్న" అనేదాన్ని. అది అబద్ధం కాదు.

పాలు తగ్గాయి. వయసు మీద పడింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పాల కేంద్రంలో కూర్చునే అతను ఒకరోజు నా క్యాను మూత తీసి, మిషన్ వైపు చూసి, నా మొహం వైపు చూశాడు.

"వదినె, నీళ్ళు గిట్ల కలుపుతున్నవా? వెన్న వస్తలేదు."

"నీ ఇంట్ల కలుపుతరేమో నీళ్ళు," అన్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా వినేలా ఇంకా చాలా అన్నాను. క్యాను ఎత్తుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఏడుపొచ్చింది. నేను పాలలో నీళ్ళు కలపలేదు. కానీ పాలు పలచబడ్డది నా వల్లే అని నాకు తెలుసు.

చుక్కను అమ్మేద్దామని నా మొగుడు అన్నప్పుడు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు అతనే అడిగాడు.

"దానికి పెట్టేది గూడ ఎల్తలేదు. ఇగ ఎన్ని రోజులు గుంజుదాం?"

"నువ్వు పొద్దుగాల పోతవ్, పొద్దుగూకినంక వస్తవ్. నాకు మాట్లాడనీకి ఎవరున్నరు?"

అతను తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

శామీర్‌పేట వైపు ఒక ఇంటివాళ్ళు కొన్నారు. రోడ్డు పక్క పొలం అమ్మి పెద్ద ఇల్లు కట్టుకున్నవాళ్ళు. ఇంటాయన ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఆయన భార్య నాకంటే చిన్నది. చుక్కను ఆటో ట్రాలీ ఎక్కిస్తుంటే అది కాళ్ళు బిగబట్టింది. నేనే ముందు నడిచి, తిట్టి, ఎక్కించాను.

మూడో రోజు ఆమె కారులో మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నీ బర్రె చేపుతలేదు. ఇద్దరు మనుషులను పెట్టి చూసినం. పొదుగు రాయి లెక్క అయితాంది. జర నువ్వొచ్చి మా చేతికి అలవాటు చేసి పోవా?"

నాకు సంతోషం వేసింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, పొదుగు గట్టిపడి గొడ్డు బాధపడుతోందని వింటూ కూడా సంతోషం వేసింది. కొట్టంలో మేకుకు తగిలించిన తగరపు డబ్బా తీసుకుని ఆ కారులోనే పోయాను.

వాళ్ళ షెడ్డుకు సిమెంటు తొట్టి, పైన రేకులు, ఒక మూల చెక్క బస్తాల మీద బస్తాలు ఉన్నాయి. నా గొంతు వినగానే చుక్క తల తిప్పింది.

"పూటకెంత పెడుతుంటివక్కా?" అని ఆమె అడిగింది.

ఆ బస్తాల ముందు నిలబడి ఒక డబ్బా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"రెండు డబ్బాలు. నిండుగ," అన్నాను.

ఆమె నా డబ్బా తీసుకుని రెండుసార్లు నిండా కొలిచి పోసింది. నేను కూర్చుని తిట్టాను. చుక్క చేపింది.

అప్పటినుంచి తెల్లవారగానే బస్సెక్కి పోయేదాన్ని. పొద్దున పిండి, అక్కడే ఉండి, సాయంత్రం కూడా పిండి వచ్చేదాన్ని. మధ్యాహ్నం ఆమె నాకు అన్నం పెట్టేది. ఇద్దరం షెడ్డు నీడలో కూర్చునేవాళ్ళం. "పొలం పోయినంక పొద్దు పోతలేదక్కా. ఆయన ఇంట్ల ఉండడు. అందుకే బర్రెను తెమ్మన్న," అని ఒకరోజు చెప్పింది. పిండేటప్పుడు నా పక్కనే కూర్చుని చెయ్యి వేసేది. ఆ కొద్ది రోజుల్లో నేను మాట్లాడినంత అంతకు ముందు మూడేళ్ళలో మాట్లాడి ఉండను. మంచి రోజులవి. చుక్క ఎప్పటికీ అలవాటు పడకపోతే బాగుండు అని లోపల మొక్కుకున్నాను కూడా.

తొమ్మిదో రోజో పదో రోజో నేనెక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. ఇంకోటి దొరికి, దిగి, ఉరుకులు పరుగుల మీద పోయేసరికి ఎండ ఎక్కింది. అయ్యో, పొదుగు పగిలిపోతుందేమో అనుకుంటూ షెడ్డులోకి దూరాను. ఆమె పీట మీదనుంచి లేస్తోంది. బకెట్‌లో నురుగు అంచుదాకా వచ్చింది. మా కొట్టంలో చుక్క ఏనాడూ అన్ని పాలు ఇవ్వలేదు.

"నువ్వు రాకపోతివి, భయపడుకుంటనే కూసున్న," అంది ఆమె. మొహం వెలిగిపోతోంది. "దాణా పోసి చెయ్యి పెట్టిన, అంతే, చేపింది. నువ్వు చెప్పినట్టే రెండు డబ్బాలు, నిండుగ. ఎంత మంచిగ సాకినవక్కా దీన్ని."

చుక్క నా వైపు చూసింది. మళ్ళీ తొట్టిలో మూతి పెట్టుకుంది. పక్కటెముకల మీద చర్మం నునుపు తేలింది. పది రోజులుగా రోజూ చూస్తున్నదే, అప్పుడే కనపడింది.

"ఇగ నేను రానవసరం లేదు," అన్నాను.

ఆమె చాయ్ తాగి పొమ్మంది. తాగాను. పోయేటప్పుడు డబ్బా కడిగి తెచ్చి నా చేతికివ్వబోయింది.

"ఉండనీ చెల్లె, నీ దగ్గరనే ఉండనీ. కొలత తప్పొద్దు," అన్నాను.

ఇంటికి వచ్చి కొట్టం ఊడ్చాను. ఊడ్చడానికి అందులో ఏమీ లేదు. సాయంత్రం పిండే వేళకు కాళ్ళు అవే కొట్టంలోకి పోయాయి. తిడదామంటే ఎవరూ లేరు. నన్ను నేనే తిట్టుకున్నాను, అది కూడా గట్టిగా కాదు, పక్కింటివాళ్ళు వింటారని.

ఆ డబ్బా సంగతి నా మొగుడికి కూడా చెప్పలేదు. చుక్క ఆ ఇంట్లో ఇంకో రెండు ఈతలు ఈనిందని తెలిసింది. ఎక్కడన్నా ఎదురుపడితే ఆమె ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుని, నీ చేతి కొలతే మాకు కలిసొచ్చిందక్కా అంటుంది. నేను తలూపుతాను. నా చేతి కొలత ఒక్క డబ్బా. చివరి ఏడాది అది కూడా వేలెడు తక్కువ.