కుడివైపు దీపం

మా నాన్న గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. నేను పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. నీళ్ళ ప్రస్తావన ఎక్కడొచ్చినా నాన్న కబుర్లు ఎత్తుకోవడం నాకు అలవాటు.

పోయిన చలికాలం ఒక ఆదివారం, కిష్టారెడ్డిపేటలో మా పక్కింటి దంపతులూ, నేనూ మా ఆవిడా మంజీర బ్యాక్‌వాటర్ చూడ్డానికి వెళ్ళాం. అక్కడ ఒక మోటారు పడవ మాట్లాడుకుని ఎక్కాం. పొద్దు వాలుతోంది. నేను ముందు కొసన కూర్చుని లాంచీల సంగతులు మొదలుపెట్టాను. ఎదురుపడ్డ లాంచీలు మామూలుగా ఎడమ పక్కలు ఎదురయ్యేలా తప్పుకుంటాయి. ఇసుక మేట అడ్డొచ్చి కుడి పక్కలు ఎదురయ్యేలా పోవాలంటే, ఎగువకు వెళ్ళే సరంగు తన కుడివైపు దీపాన్ని ఆర్పి వెలిగిస్తాడు. ఎదుటివాడూ అలాగే చేశాడంటే సరేనన్నట్టు.

దూరంగా చిన్న పడవలో భార్యాభర్తలు వల లాగుతున్నారు.

"చూపిస్తానుండండి," అని ఫోన్ టార్చి వెలిగించి, చెయ్యి కుడివైపు చాచి, ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నాను. పక్కింటాయన వీడియో తీశాడు.

వాళ్ళు చటుక్కున వల వదిలేశారు. పడవ మా వైపు తిరిగింది. "చూశారా, అర్థమైంది వాళ్ళకి," అన్నాను.

ఇద్దరూ రెండు తెడ్లు పట్టుకుని బలంకొద్దీ వేస్తున్నారు. దగ్గరికి వచ్చాక అతని ముఖం కనిపించింది. రొప్పుతున్నాడు.

"ఎవలన్న నీళ్ళల్ల వడ్డరా సార్?"

మా పడవ డ్రైవరు వెంటనే ఇంజన్ ఆపేశాడు. టార్చి సంగతి అతను చూడనే లేదు. అందరూ నా వైపు చూశారు. ఎవరూ పడలేదని, ఊరికే వీళ్ళకు చూపించడానికి లైటు వేశానని చెప్పాను.

అతను తెడ్డు కిందపెట్టి అలాగే కూర్చుండిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. పోయినేడు ఇలాగే ఎవరో లైటు ఊపితే ఆడుకుంటున్నారనుకుని వీళ్ళు పోలేదట. ఆ పడవ బోల్తాపడింది. పక్క ఊరి మనిషి చనిపోయాడు. అప్పట్నుంచి లైటు కనిపిస్తే ఏ పనిలో ఉన్నా పోతున్నారట. ఇదంతా డ్రైవరు మెల్లగా చెప్పాడు.

ఆమె నా వైపే చూస్తూ అడిగింది. "గట్లయితే మల్ల లైటు కనవడితె మేం రావాల్నా, వద్దా సార్?"

"రావాలమ్మా," అన్నాను. ఆమె తెడ్డు అందుకుని పడవ వెనక్కి తిప్పింది.

వల కోసం వాళ్ళ వెంటే వెళ్ళాం. అది నీట మునిగిన తుమ్మ మోడుకు చుట్టుకుపోయింది. నేనూ ఒక కొస పట్టుకుని లాగబోతే, "జెర ఇడువుండ్రి సార్, ఇంక చినుగుతది," అన్నాడతను. వదిలేశాను. వాళ్ళిద్దరూ చీకట్లో చేతులతో తడుముతూ విడదీస్తుంటే, డ్రైవరు వాళ్ళకు లైటు పట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పక్కింటాయన ఆ వీడియో చెరిపేశానని చెప్పాడు. ఆయన మంచితనానికి నేను తల ఎత్తలేకపోయాను.