మా నాయన కుట్టుకున్న కోటు

నా చిన్నప్పుడు, నేను ఏడో తరగతి చదువుతున్న సంవత్సరం, మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం సరిగ్గా ఏడు గంటలకు, మా నాయన వసారాలో ఒక పాత కోటు పరచి దాని కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టాడు. సంతలో కొన్న కోటది. తొడుక్కోవడానికి కాదు, కోటు ఏయే ముక్కలతో తయారవుతుందో తెలుసుకోవడానికి కొన్నాడు.

మా నాయన డోన్ రైల్వే గూడ్సు షెడ్డులో హమాలీ. ఏళ్ల తరబడి వేరుశనగ బస్తాలు మోసి ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే బాగా కిందికి దిగిపోయింది. ఆ నెలాఖరున బడి వార్షికోత్సవంలో, తరగతిలో మొదటి స్థానం పొందిన పిల్లలను తండ్రులతో సహా వేదిక మీదికి పిలుస్తామని ప్రధానోపాధ్యాయులు కబురు పంపారు. మా తరగతిలో మొదటి స్థానం నాది. మా వంశంలో బడి మెట్టెక్కిన మొదటి మనిషిని కూడా నేనే. ఆ రోజు నా పక్కన కోటు వేసుకొని నిలబడాలని మా నాయన కోరిక. గుడ్డ తీసుకొని బజారులోని దర్జీ దగ్గరికి వెళితే, అతను భుజాలు తడిమి చూసి, "ఈ భుజానికి కోటు నిలబడదప్పా. లోపల దూది కూరి లేపాల్సిందే" అన్నాడట. మా నాయన గుడ్డను చంకలో పెట్టుకొని తిరిగి వచ్చేశాడు.

"దూది పెడితే ఏం పోతాదయ్యా? ఎవురికి తెలుస్తాది?" అని మా అమ్మ అడిగింది.

"నాకు తెలుస్తాది. మనకు కూడు పెట్టిన భుజమిది. దాచిపెట్టేకి అదేమన్నా దొంగతనం చేసిండాదా?"

కుట్టుపని ఆయనకు బొత్తిగా కొత్త కాదు. నింపిన బస్తాల మూతులను దబ్బనంతో, పురికొసతో కుట్టడం హమాలీలకు రోజూ ఉన్న పనే. అందుచేత మంచి గుడ్డ జోలికి పోకముందే ఖాళీ గోనెసంచులతో ఒక కోటు కుట్టి చూశాడు. పాత కోటు ముక్కలను కొలతగా పెట్టి, గోనెను రెండు మడతలు వేసి, రెండు పక్కలనూ ఒకేసారి కత్తిరించాడు. తొడుక్కొని వాకిట్లో నిలబడితే ఎడమ పక్క చక్కగా కుదిరింది. కుడి పక్క మాత్రం మెడ నుంచి చంక దాకా ముడతలు పడి, అంచు కిందికి వేలాడింది. దారిన పోతున్న తోటి హమాలీ ఒకాయన ఆగి, "ఏమప్పా, లోపల శెనక్కాయలు పోసుకొని నువ్వే బండెక్కుతాండావా?" అని పగలబడి నవ్వాడు.

"ఎక్కుతాలే. దబ్బనం చేతిలోనే ఉండాది, ముందు నీ నోరు కుట్టి ఎక్కుతా" అన్నాడు మా నాయన.

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు గాని, నాకు మాత్రం దిగులు పట్టుకుంది. మంచి గుడ్డ ఒక్క కోటుకే సరిపడా ఉంది. అది పాడైతే ఆయన వేదిక దాకా రాడని నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆయన గోనె కోటును నడుమ విప్పి, రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "గుడ్డను మడిచి కోస్తిమి సరే, మనిషిని మడిచేకి అవుతాదా?" అని తనలో తానే అనుకున్నాడు. మరునాడు కుడి పక్కకు వేరే కొలత తీసుకున్నాడు. భుజం వాలు పెంచి, అంచు తగ్గించి, ఆ సగాన్ని విడిగా కత్తిరించాడు. రెండో గోనె కోటు కుదిరింది. అప్పుడు గాని మంచి గుడ్డకు కత్తెర పెట్టలేదు. పక్కింటి సిన్నమ్మ తన కుట్టుమిషను ఇచ్చింది. కాలరు వంకరపోతే ఊడదీసి మళ్లీ కుట్టాడు.

వార్షికోత్సవం నాడు ఆయన నా పక్కన నిలబడ్డాడు. భుజం వాలు అందరికీ కనబడింది. కోటు మీద ముడత మాత్రం ఒక్కటీ లేదు. ఎక్కడ కుట్టించారని ప్రధానోపాధ్యాయులు అడిగితే, "ఇంట్లోనే సార్, నేనే కుట్టుకున్న్యా" అన్న ఆ గొంతు నా చెవుల్లో ఇంకా ఉంది.

పెద్దయ్యాక నేను పట్టభద్రురాలినై, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. ఒక బిడ్డకు సరిపోయిన కొలతతో ఇంకొక బిడ్డను కత్తిరించకూడదన్న ఎరుక నాకు ఏ శిక్షణ కళాశాలలోనూ రాలేదు. మా వసారాలో వచ్చింది.

ఆ తరువాత షెడ్డులోని హమాలీలు పెళ్లిళ్లకు కోటు కావాలంటే గుడ్డ తీసుకొని మా ఇంటికే రాసాగారు.