నా పేరు చెప్పని సాక్షులు

లైసెన్సు పని మీద వచ్చానని నలుగురిలో చెప్పడం నాదే పొరపాటు. మా కోరుట్లలో లైసెన్సు అంటే డ్రైవింగ్ లైసెన్సే. మా వాడకట్టులో గల్ఫ్‌కు పోయి వచ్చిన మగవాళ్లు ఇంటికొకరుంటారు, వాళ్లందరూ అక్కడి డ్రైవింగ్ పరీక్షలో తప్పినవాళ్లే. పక్కింటాయన నన్ను గేటు దగ్గరే ఆపాడు.

"ఎన్కకు తీసి పార్కింగ్ పెట్టుమంటరు సూడు బిడ్డా, గాడనే ఫెయిల్ జేస్తరు. అద్దంల సూడాలె, మెడ తిప్పి సుత సూడాలె. నువ్వు సూసినట్టు పోలీసోనికి కనవడాలె."

నాది కారు లైసెన్సు కాదు, ఆర్కిటెక్టు లైసెన్సు అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని ఆలోచించాడు.

"గా బండికి సుత పార్కింగ్ పెట్టాలె గదా" అన్నాడు.

ఇళ్లకు ప్లాన్లు గీయడం నా పని. గల్ఫ్‌కు పోకముందు కోరుట్లలో ఒక ఫోటో స్టూడియో పైన చిన్న ఆఫీసు పెట్టుకుని, అటు జగిత్యాల, ఇటు సిరిసిల్ల దాకా తిరిగి ఇళ్లు కట్టించాను. కట్టించుకునేవాళ్లలో సగం మంది ఇల్లు చూడకుండానే కట్టించుకునేవాళ్లు, ఎందుకంటే మనిషి అక్కడ, పునాది ఇక్కడ. ఫోనులో చెప్పేవాళ్లు. ఎత్తయిన మేడల అద్దాలు తుడిచే పనిలో ఉన్న ఒకాయనకు తన ఇంటి ముందు కూడా నిలువెత్తు అద్దాలే కావాలి. మన ఎండకు ఉడికిపోతారన్నా అంటే, "తుడిచేటోణ్ణి నేనుండంగ నీకేం రంది" అనేవాడు.

తర్వాత అక్కడ పనులు పోయాయి. మనుషులు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుని ఇళ్లకు వచ్చేశారు. ఇక్కడ పిల్లర్ల మీద ఇనుప చువ్వలు అట్లాగే నిలబడిపోయాయి. నాకు పని చెప్పేవాళ్లంతా ఇటు వస్తుంటే నేను అటు పోయాను. ఏ దేశం అని అడగకండి, మావాళ్లకు అన్నీ దుబాయే.

అక్కడ నా ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్. బొమ్మ నేను గీస్తే సంతకం ఇంకొకాయన పెట్టేవాడు. ఆయనకు లైసెన్సు ఉంది. సంతకం పెట్టే ముందు కాగితంలో ఏది పైవైపో నన్నే అడిగేవాడు. ఇట్లా కొన్నేళ్లు గడిచాక కొత్త నియమం వచ్చింది. ఆర్కిటెక్టుగా అక్కడి ప్రభుత్వ గుర్తింపు తెచ్చుకోకపోతే నా వీసా పొడిగించరు. వీసా పోతే నేను కోరుట్లకు తిరిగి రావాలి, వచ్చినా గీయడానికి ఇక్కడ ఒక్క ఇల్లు లేదు. ఆ భయం నాకు నిద్రలో కూడా ఉండేది.

చదువు పత్రాలు ఒప్పుకున్నారు. పరీక్ష రాశాను, పాసయ్యాను. చివరికి ఒక్కటి మిగిలింది. నేను గీసి, దగ్గరుండి కట్టించిన మూడు కట్టడాలు చూపించాలి, అందులో ఒకటి ఇల్లు కాకుండా ఉండాలి. హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీ మనిషి వచ్చి యజమానులను కలుస్తాడు. ముగ్గురిలో ఒక్కరైనా "ఈమే గీసింది, ఈమే దగ్గరుండి కట్టించింది" అని గట్టిగా చెప్పాలి. ఒక్కరూ చెప్పకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. నేను వెంట ఉండకూడదు, యజమానులకు ముందుగా ఏమీ చెప్పి పెట్టకూడదు. సరేనని సంతకం పెట్టాను. సెలవు పెట్టి వచ్చి అమ్మ దగ్గర కూర్చున్నాను. ముగ్గురిలో ఒక్కరేంటి, ముగ్గురూ చెప్తారనే నా ధైర్యం.

మొదటి ఇల్లు కోరుట్లలోనే. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉంటే అవ్వ ఒక్కతే నిలబడి కట్టించుకున్న ఇల్లు. ఏజెన్సీ మనిషి ఏ రోజు ఎక్కడికి పోతాడో నాకు ముందే చెప్పారు, పొద్దున్నే అక్కడికి పోయాడు. మధ్యాహ్నానికి అవ్వ ఆటో కట్టించుకుని మా ఇంటికి దిగింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"బిడ్డా, ఒకడచ్చిండు. మెడల బిళ్ల, చేతుల ఫైలు. ఈ ఇల్లు ఎవరు కట్టించారండీ అంటాండు. అండీ అంటాండు బిడ్డా. నాకు కాళ్లు చేతులు ఆడలే."

"నువ్వేం చెప్పినవవ్వా?"

"నేనెందుకు చెప్తా? గీ ఇల్లు మాది గాదు సారూ, కిరాయికుంటున్నం అన్న."

అవ్వ మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూసింది.

"ఓనరెవరండీ అన్నడు. ఎర్క లేదన్న. మరి కిరాయి ఎవరికి ఇస్తున్నారండీ అన్నడు. ఎవ్వలు అడుగుతలేరు, మేమిస్తలేం అన్న."

అవ్వ భయానికి కారణం ఉంది. మునిసిపాలిటీ వాళ్లు ఈమధ్యనే ఎర్ర రంగు డబ్బాతో వచ్చి, రోడ్డు మీదికి వచ్చిన మెట్లన్నిటికీ గుర్తులు పెట్టి పోయారు. నేను గీసిన ప్లానుకు ఒక్క అంతస్తుకే పర్మిషన్ ఉంటే, నేను పోయాక అవ్వ దాని మీద ఇంకోటి లేపింది. ఫైలు పట్టుకుని వచ్చినవాడెవడైనా దాని కోసమే వచ్చాడని ఆమె లెక్క.

"అవ్వా, గోడకు గృహప్రవేశం ఫోటో ఉంటది గదా. అందులో నేను నీ పక్కనే ఉన్న."

"గది మరిచిపోతనా? గాయిన చెప్పులిడిసెలోపట దించి పిండి డబ్బ ఎన్క పెట్టిన. నీ పేరు సుత అడిగిండు. గసొంటి పేరు మా వాడకట్టులనే లేదన్న."

అసలు సంగతి చెప్పేసరికి అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఇప్పుడే పోయి ఇల్లు మాదేనని చెప్తానని లేచింది. వద్దని కూర్చోబెట్టాను, ఇప్పుడు చెప్తే నేనే చెప్పించానని అనుకుంటారు. అవ్వ తెచ్చిన సర్వపిండి ఇద్దరం తిన్నాం. రుచిగానే ఉంది.

రెండో ఇల్లు జగిత్యాలలో. దాని యజమాని తాతలు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లు, ఈయనకు ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. మాటకారి, దేనికీ జంకడు. ఈయన మీద నాకు నమ్మకం. సాయంత్రం ఆయన నుంచి ఫోను వచ్చింది.

"చెల్లే, జర పైలం. నీ మీద ఎవడో ఎంక్వైరీ పెట్టిండు."

"ఏం చెప్పినవన్నా?"

"ప్లాను లేదు, గీను లేదు అన్న. వేములవాడ రాజన్న కలలకచ్చి గోడ గీడ పెట్టు, దర్వాజ గాడ పెట్టు అన్నడు, పెట్టినం అన్న."

"నమ్మిండా?"

"మెట్లు కూడా స్వామివారే చెప్పారా అండీ అన్నడు. మెట్లు మా బావ చెప్పిండు అన్న. అన్ని దేవుని మీదనే పెడితే అనుమానం అస్తది గదా."

అంతటితో వదిలిపెట్టలేదట. నాటుకోడి కోయించి అన్నం పెట్టాడు. తినేటప్పుడు కూడా ఆ మనిషి ఇదే అడిగాడట. నోట్లో ఎముక ఉండగా మాటలేందని ఈయన దాటవేశాడట.

"పానం పోయినా నీ పేరు చెప్ప చెల్లే. నువ్వు నిమ్మలంగ ఉండు" అని ఫోను పెట్టేశాడు.

అమ్మ వచ్చి చూసేసరికి నేను నవ్వుతున్నాను, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ ముంచలేదు.

ఇక మిగిలింది సిరిసిల్ల. దాని గురించి నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు, ఆలోచించడం ఇష్టం లేక. ఇల్లు కాని కట్టడం ఒకటి ఉండాలన్నారు కాబట్టి గతిలేక రాసిన పేరది. అది సాంచల షెడ్డు, అంటే మరమగ్గాలు పెట్టుకునే షెడ్డు. ఆ ఆసామికీ నాకూ పునాది తీసిన నాటి నుంచి పడలేదు. షెడ్డు పూర్తయిన రోజు, మళ్లీ తన గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. ప్రాణం పెట్టేవాళ్లే నా పేరు చెప్పకపోతే ఈయన చెప్తాడా? పెట్టె ఎప్పుడు సర్దుకోవాలో ఆలోచిస్తూ పడుకున్నాను.

మర్నాడు ఉండబట్టలేక బస్సెక్కాను. వెంట ఉండకూడదని సంతకం పెట్టిన మాట నిజమే. వెంట కాదు, గోడకు అవతల ఉంటాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వేములవాడ మీదుగా పోయే బస్సు, నిండా మొక్కులవాళ్లే. అప్పుడే గుండు చేయించుకుని వేములవాడలో ఎక్కిన పసిది నా భుజం మీద పడి నిద్రపోయింది. దిగేసరికి నా భుజం నిండా గంధం.

షెడ్డు వెనక వీధిలోకి పోయి, వెంటిలేటర్ కింద గోడకు అంటుకుని నిలబడ్డాను. పక్కింటావిడ బయటికొచ్చి వింతగా చూసింది. ఏం చేయాలో తోచక గోడను జానతో కొలవడం మొదలుపెట్టాను.

"అమ్ముతాండ్రా ఏంది షెడ్డు?" అంది ఆవిడ.

"లేదమ్మా, ఊకనే" అన్నాను. ఆవిడ నమ్మకుండా లోపలికి పోయింది.

లోపల మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. సాంచలు నడిచే రోజుల్లో పక్కన నిలబడి అరిచినా వినబడేది కాదు. సాంచలు నడవడం లేదని తట్టింది, కానీ అప్పుడు నాకు నా గొడవే పెద్దది.

"ఈమె మీకు తెలుసా అండీ?" అని అడిగాడు ఏజెన్సీ ఆయన. మూడో చోట కూడా ఇదేనా అన్నట్టు గొంతు నీరసంగా ఉంది. ఫోటో చూపించినట్టున్నాడు.

"తెల్వకేంది? శని. నన్ను పట్టిన శని."

కుర్చీ లాగిన శబ్దం వినబడింది. "చెప్పండి" అన్నాడు ఏజెన్సీ ఆయన, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఏం చెప్పమంటవు? నేను పండ్లు తోముకోకముందే గేటు కాడ ఉండేది. గోడ వంకరున్నదని ఒకసారి, ఇసుక బాగ లేదని ఒకసారి. గోనె సంచులు తడుపు, నీళ్లు కొట్టు అని నా పానం తీసింది. నేనెన్నడు నా పెండ్లాం మాట సుత గంత ఇనలే."

"అంటే రోజూ వచ్చేదా అండీ?"

"ఐతారం సెలవు నాడు సుత. ఐతారమన్న ఇడిసిపెట్టమ్మా అంటే, సిమెంటుకు ఐతారం లేదన్నది."

"ప్లాను ఈమే గీసిందా?"

"గిసొంటిది ఇంకెవలు గీస్తరు? పైకి సూడు. రంపం పండ్ల లెక్క కప్పు."

"దగ్గరుండి ఈమే కట్టించిందా?"

"కట్టిచ్చుడు గాదు సారూ, కట్టినదాన్ని కూలగొట్టిచ్చింది. రా, సూపిస్త."

ఇద్దరూ లోపలంతా తిరిగారు. కూలగొట్టించిన దర్వాజా, మళ్లీ పోయించిన పిల్లరు, నాకు నచ్చని మేస్త్రీ, మేస్త్రీకి నచ్చని నేను, ఒక్కటి వదలకుండా చెప్పాడు ఆసామి. నా గురించి అంత వివరంగా, అంత నిజంగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. గోడ అవతల నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నాను. పరుగెత్తిపోయి ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

అప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"గీ అద్దాలు సూడు. పోగు తెగితే కనవడాలె, పనోళ్ల కండ్లు ఖరాబు గావద్దని ఉత్తరం దిక్కు పెట్టిచ్చింది. నేనొద్దన్న, ఇనలే. గిప్పుడు సాంచలన్ని పాత ఇనుముకు వోయినయ్. ఎలుగు మాత్రం అట్లనే అస్తాంది. ఖాళీ జాగ ఖాళీగున్నదని నాకు రోజు సూపెడుతాంది."

నాకు నవ్వు ఆగిపోయింది. ఆ వెలుగు నా పనితనమని అప్పటిదాకా గర్వపడేదాన్ని.

కొన్నాళ్లకు గుర్తింపు వచ్చింది. నివేదిక నకలు కూడా పంపారు. మొదటి కట్టడానికి యజమాని లేడని, రెండోదాని రూపశిల్పి దేవుడని, మూడోదాన్ని దరఖాస్తుదారు యజమాని అభీష్టానికి వ్యతిరేకంగా పూర్తి శ్రద్ధతో కట్టించిందని రాశారు. వీసా పొడిగించారు. నా బొమ్మ మీద నేనే సంతకం పెట్టుకున్న రోజు, కాగితం పైవైపు ఏదో ఎవరినీ అడగకుండా ఆఫీసంతా స్వీట్లు పంచాను.

ఆ రోజే సిరిసిల్లకు ఫోను చేశాను. కాకా, నీ వల్లనే నాకు లైసెన్సు వచ్చిందన్నాను.

"నేను నీ మంచికి చెప్పలే" అన్నాడు. "కడుపు మండి చెప్పిన."

"తెలుసు కాకా."

ఆయన పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"నాకు సుత విసా అచ్చింది. నువ్వుండే దిక్కే. క్లీనింగ్ పని" అన్నాడు. "గాడ బట్ట నేసే మిల్లులుంటయా బిడ్డా?"

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఉంటే ఉండొచ్చు, కనుక్కుంటానన్నాను. నేత పని చేసినట్టు ఏమన్నా రుజువుందా అని అడిగాను, అచ్చం నన్ను అడిగినవాళ్ల లాగే.

"రుజువెక్కడిది? బతుకంత గదే పని. నీకచ్చినట్టు నా గురించి అడిగెతందుకు ఎవడన్న అస్తడా?"

"అస్తే నేను చెప్త కాకా."

"నీకు నేత ఏమెర్క?" అని కసిరాడు. "నాతోని కొట్లాడినోళ్లు చెప్పాలె. గాళ్లంత సాంచల పనికి భివండికి పోయిండ్రు."