మస్తాన్‌వలీ గారి ఎత్తుబండి

పొద్దున మా షోరూముకి ఎక్స్చేంజికి వచ్చిన ఒక పాత ఎస్‌యూవీ డిక్కీ తెరిచానో లేదో, ఎండుమిరప ఘాటు గుప్పున ముక్కుకి కొట్టింది. వరసగా తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. లోపల ఒక్క మిరపకాయ లేదు. ఎప్పుడో మోసిన బస్తాల వాసన కార్పెట్‌లో అలా ఉండిపోయింది, అంతే. గుంటూరులో కార్లు అమ్మేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. కానీ తుమ్ములు ఆగాక కూడా నా కళ్ళు ఆరలేదు. మస్తాన్‌వలీ గారు గుర్తొచ్చారు.

ఆయన నా మొదటి మేనేజరు. మార్టూరులో గ్రానైటు పాలిష్ పని చేసి చేసి, దగ్గు ముదిరి మా నాన్న ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాకు ఉద్యోగమిచ్చిన మనిషి. విదేశీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఒకటి, ఏ ధైర్యంతోనో, గుంటూరు శివార్లలో హైవే పక్కన షోరూము తెరిచింది. అద్దాల వెనక నేలకి అంటుకుపోయినట్టు ఒక ఎర్ర కారు. రెండే సీట్లు. దాన్ని ఇంకెవరినీ తుడవనిచ్చేవారు కాదు ఆయన. రోజూ పొద్దున్నే చొక్కా చేతులు మడిచి తానే తుడిచి, ఒకసారి ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినేవారు. "పాట వింటున్నారా సార్?" అని నేను ఆటపట్టిస్తే, "నీకేం తెలుసమ్మా సుజాతా, చిన్నప్పుడు వినుకొండలో లారీ షెడ్డు పక్కన పెరిగినోణ్ణి. ఇంజను మంచిదో కాదో గుండెకి తెలిసిపోద్ది" అనేవారు. అప్పుడు ఆ ముఖం చూడాలి, పండగపూట పిల్లాడిలా ఉండేది.

కారు మాత్రం ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ళే అందరూ. మా వైపు కారు కొనడమంటే ఒక్కడు వచ్చి సంతకం పెట్టి పోవడం కాదు. తల్లి, పెళ్ళాం, వదిన, మేనమామ, చంకలో పిల్లాడు, అందరూ దిగుతారు. అందరూ ఎక్కి కూర్చుని చూడాలి, అందరికీ నచ్చాలి. రెండు సీట్ల బండిలో ఎవరు కూర్చోవాలి, ఎవరు అలగాలి? దానికితోడు ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు ఎక్కితే పొట్ట గీసుకుంటుంది.

చివరికి ఆ కంపెనీ కూడా అందరి దారే పట్టి ఎస్‌యూవీ తయారుచేసింది. ఆ వార్త వచ్చిన రోజు మస్తాన్‌వలీ గారు అన్నం ముట్టలేదు. "పందెం గుర్రం చేత బస్తాలు మోయిస్తున్నారమ్మా. సిగ్గుండాలి" అని టిఫిను డబ్బా అలాగే మూసేశారు. బండి వచ్చాక దాన్ని పేరుతో కూడా పిలవలేదు. "ఆ ఎత్తుబండి" అనేవారు, ఇష్టంలేని అల్లుణ్ణి గురించి చెబుతున్నట్టు. ఇంతలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ముంబై నుంచి అధికారి వస్తున్నాడు, ఆయన వచ్చేలోపు ఒక్క బుకింగైనా లేకపోతే షోరూము మూసేస్తారు. నాన్న మందులు, తమ్ముడి చదువు నా కళ్ళముందు గిర్రున తిరిగాయి.

ఆ ఎత్తుబండిని అడుగుతూ వచ్చిన ఒకే ఒక్క మనిషి కోటేశ్వరరావు గారు. వినుకొండ దగ్గర మిరప, పత్తి పండించే పెద్ద రైతు. హైవే మీద బండి నడిపి చూపిస్తే పెదవి విరిచాడు. "సిమెంటు రోడ్డు మీద ఏ బండైనా పోద్దయ్యా మస్తానూ! మా కల్లం దాకా రా, అప్పుడు చూద్దాం." డెమో కారు హైవే దిగకూడదని కంపెనీ రూలు. మస్తాన్‌వలీ గారు ఒక్క క్షణం నా వైపు చూసి, "ఎక్కమ్మా" అన్నారు.

నల్లరేగడి డొంకలో బండి ఊగుతూ పోయింది గానీ ఎక్కడా ఆగలేదు. కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కోటేశ్వరరావు గారు బండి చుట్టూ తిరిగి, టైర్లని కాలితో తన్ని, "ఒరేయ్, రెండు టిక్కీలు వెయ్యండ్రా వెనకాల" అని కేకేశాడు. టిక్కీ అంటే కూరి కూరి కుట్టిన మిరప బస్తా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "సార్, రేపే అధికారి వచ్చేది!" అన్నాను. మస్తాన్‌వలీ గారు కదల్లేదు. "వెయ్యనీమ్మా. కొనేవాడు బరువు చూడకుండా ఎట్లా కొంటాడు?" అన్నారు.

ఆ సాయంత్రం ఎంత కడిగినా ఘాటు పోలేదు. మర్నాడు అధికారి వచ్చి నేరుగా డెమో కారులోనే కూర్చున్నాడు, ఏసీ వేశాడు. ఇంక చూడండి! తుమ్ములు, దగ్గు, ముక్కుకి చేతిరుమాలు. బయటికి దూకి, ఎవరి పని ఇది అని ఇంగ్లీషులో విరుచుకుపడ్డాడు. నేను నోరు తెరిచేలోపే మస్తాన్‌వలీ గారు ముందుకొచ్చారు. "నేనే తీసుకెళ్ళాను సార్. శిక్ష నాకెయ్యండి, షోరూముకి కాదు." షోరూము ఇంక ఉండదని ఆయన ముఖం మీదే చెప్పేశాడు అధికారి.

సరిగ్గా ఆ మాట మీదే కోటేశ్వరరావు గారు ఇంటిల్లిపాదితో దిగాడు. ఎవర్నీ అడక్కుండా అందరూ బండెక్కేశారు. అధికారి బయట నిలబడి తుమ్ముతూనే ఉన్నాడు, లోపల ఒక్కరంటే ఒక్కరు తుమ్మలేదు. ముందు సీట్లో సర్దుకుని కూర్చున్న వాళ్ళమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, "ఒరేయ్ కోటీ, ఇది మనింటి బండే రా! మనిల్లులాగే ఉంది" అంది. అంతే, ఆ బండే కావాలన్నారు. కొత్తది తెప్పిస్తామన్నా వినలేదు. అధికారికి నేను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆయన తుమ్ముతూనే నవ్వాడు. షోరూము నిలబడింది.

బండి అప్పగించే రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక, "నీ చెయ్యి మంచిదయ్యా, నువ్వే తొక్కించు" అని మస్తాన్‌వలీ గారినే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు కోటేశ్వరరావు గారు. ఆయన వద్దు వద్దంటూనే ఎక్కి, హైవే దాకా వెళ్ళి తిరిగొచ్చారు. దిగాక నన్ను పక్కకి పిలిచి, "అన్యాయంగా తిట్టాను సుజాతా. ఆ ఎర్రదాని గుండే దీంట్లోనూ ఉంది" అన్నారు. ఆ నెలలోనే ఎర్ర కారుని కంపెనీ వెనక్కి తీసుకుంది. దాన్ని తానే నడిపి ట్రక్కులోకి ఎక్కించి, తాళం డ్రైవరు చేతికిచ్చి, లోపలికొచ్చి కొత్త కస్టమరుకి ఎత్తుబండి చూపించారు. ఆ కష్టం నేను చూశాను. ఆయన మాత్రం దాని ఊసు ఎన్నడూ ఎత్తలేదు.

రెండేళ్ళ క్రితం, ముసురు పట్టిన రోజున ఆయన పోయారు. వినుకొండ శివార్లలో వాళ్ళ సొంతిల్లు పత్తిచేల అవతల. రేగడంతా బంకబంకగా ఉంది. మా కార్లన్నీ తారురోడ్డు మీదే ఆగిపోయాయి, చెప్పులు చేతబట్టుకుని అందరం నిలబడిపోయాం. అప్పుడొచ్చాడు కోటేశ్వరరావు గారు, అదే బండిలో. "ఎక్కండి, ఆయన గుమ్మం దాకా పోదాం" అన్నాడు. పోయాం. బీబమ్మ గారు, మస్తాన్‌వలీ గారి భార్య, బురద కొట్టుకున్న ఆ బండిని చూసి గట్టిగా ఏడ్చింది. "ఇదేనామ్మా ఆయన చెప్పే ఎత్తుబండి? ఎర్రది పోయిన రోజు ఇంటికొచ్చి చిన్నపిల్లోడిలాగా ఏడ్చాడు. ఎందుకు పోనిచ్చావయ్యా అంటే, 'నేను సంతోషపడే బండి అది. పదిమందిని ఇంటికి చేర్చేది ఇది' అన్నాడు."

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నాకు నచ్చినదాన్ని జనం నెత్తిన రుద్దే మాట నోటిదాకా వస్తుంది, రోజూ వస్తుంది. అప్పుడు నోరు మూసుకుని, ముందు ఎదుటివాళ్ళని అడుగుతాను: మీ ఇంటికి దారి ఎట్లా ఉంటుందండీ?